తిరగేసి చూడని చీరె

ధర్మవరం

ప్రియమైన తల్లి మంజులతకు నాయన ఆశీస్సులు.

నువ్వు పెళ్లి చేసుకుంటానన్న గిరిధర్ ఆదివారం వచ్చినాడు. మీ అమ్మ పెట్టిన ఓళిగలు నాలుగు తిన్నాడు. మాట మంచిదే. కానీ అప్పుడే మగ్గం మీంచి దించిన చీరెను చేతికిస్తే, మెల్లగా నిమిరి తిరిగిచ్చేసినాడు. నేత పనితనం తెలిసే వెనకవైపు తిరగేసి చూడనే లేదు! మన ధర్మవరంలో పసిపిల్లలు కూడా తిరగేస్తారే! చీరె వెనక చూడనివాడు సంసారమేం చూస్తాడు? కాబట్టి ఈ సంబంధం వద్దు తల్లీ. ఫోనులో చెబితే నీ ఏడుపు వినలేనని ఉత్తరం రాస్తున్నా.

మీ నాయన, పుల్లయ్య

హిందూపురం

ప్రియమైన నాయనకు,

ఏడవలేదులే. నీ మాటనే పేర్లు లేకుండా మా ఎనిమిదో తరగతిలో బోర్డు మీద రాశాను. 'కాబట్టి' తర్వాత వచ్చేది తీర్మానం, ముందు చెప్పేది ఆధారం అని ఈ వారమే నేర్పుతున్నా. ఆధారం: చీరె తిరగేయలేదు. తీర్మానం: జాగ్రత్త లేని మనిషి. వెనక బెంచీలోంచి ప్రశాంతి లేచి, "టీచర్, నడుమ ఒక మాట లేదు. తిరగేయనోళ్లంతా జాగ్రత్త లేనోళ్లేనని ఎవురు జెప్పినారు?" అంది.

నాయనా, పడుగులో పోగు తెగితే అతకకుండా నేస్తావా? ఎందుకు తిరగేయలేదో అతన్నే అడుగు. విన్నాక కూడా వద్దంటే మళ్లీ ఈ మాటెత్తను.

నీ జవాబు కోసం కాచుకున్న మంజుల

ధర్మవరం

నా బంగారు తల్లీ, నా పంతులమ్మా!

ఉత్తరం చదివిన మర్నాడే గిరిధర్ వాళ్ల ఊరు పెనుకొండకు బస్సెక్కినా. "ఏమప్పా, సంగటి కూడా తినకుండా యాడికి పోతాండావు?" అని మీ అమ్మ వీధిదాకా వచ్చింది.

గిరిధర్‌ను నేరుగా అడిగేసినా: "ఏమబ్బా, ఆ పొద్దు చీరె తిరగేయలేదేం?"

పిల్లోడు తల వంచుకున్నాడు. "మా అమ్మ పెండ్లిచీరె మీరు నేసిందే. చిన్నప్పటినుంచీ దాని యెనకపక్క చూస్తానే ఉండా. ఒక్క పోగు లేయలేదు. ఇంక మీ చీరె తిరగేసేదేముండాది?"

"ఆ మాట ఆడనే చెప్పకూడదా?"

"పిల్లకోసం పొగుడుతాండాడు అనుకుంటారని..."

వాళ్లమ్మ రంగనాయకమ్మ ఆ చీరె తెచ్చింది. కొంగు మూలలో నా గుర్తుగా నేను నేసే ఒంటి చిలక! ముప్పయ్యేళ్ల తర్వాత కూడా నవ్వుతా ఉంది తల్లీ. చివరికి దాన్ని తిరగేసి చూసింది నేనే. కండ్లు తడిసి ఏమీ కనబడలేదనుకో!

ఇప్పుడు నా ఆధారాలు రాసుకో. ఈ పొద్దు మగ్గం మీద ఎర్ర పడుగు ఎక్కించినా. కొంగులో ఈసారి ఒంటి చిలక కాదు, జంట చిలకలు నేస్తున్నా. 'కాబట్టి' తర్వాత ఏమొస్తుందో నేను రాయను. ఆ ప్రశాంతిని అడుగు, చెప్తుంది.

సంతోషంతో, మీ నాయన