నీ దుంపతెగ

అమ్మమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇక్కడ అమెరికాలో, మా నోవైలో మంచు పడుతోంది. నా జాకెట్లలో గుడ్డ మడతలు పెట్టి కుట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పనిదానివి నువ్వు. అందుకే ఈ కబురు నీకే.

నా రొమ్ముల ఆకారానికి ఓ పేరుందట. "ట్యూబరస్" అంది డాక్టరు. అంటే దుంపలాంటివని. నేనేం చేసినా మురిసిపోతూ "నీ దుంపతెగ" అనేదానివి కదా, అది గుర్తొచ్చి పకపకా నవ్వాను. ఆవిడ బిత్తరపోయింది.

అలాగే వదిలేసినా ప్రమాదం లేదంది. ఆపరేషన్ చేయించుకుంటే మాత్రం, లోపల బిగుసుకున్న కణజాలాన్ని కోసి వదులు చేసి, సిలికాన్ తిత్తి, అదే ఇంప్లాంట్, పెడతారు. లేదా పొట్ట దగ్గరి కొవ్వు తీసి విడతలుగా నింపుతారు. ఇంప్లాంట్‌కే డేట్ బుక్ చేశాను.

నా దగ్గరికి వచ్చి ఉంటున్న అమ్మ, ఆ మాట చెప్పగానే పప్పు తిప్పుతున్న గరిటె ఆపేసింది.

"పెళ్లయితే అవే సర్దుకుంటాయే. అయినా ఎవరు చూడొచ్చారు?"

"రోజూ నేను చూస్తున్నానమ్మా."

"సర్జరీ అంటే మాటలా? అమ్మమ్మ ఉంటే ఏమనేదో తెలుసా?"

తెలుసు. గురువారం పొద్దున నీ తిట్టు నిజమవుతుంది. నేనే దగ్గరుండి చేయించుకుంటున్నాను.