ఉప్పులేనివాళ్ల ఇంటిపేరు

పియెవె దెల్ సోర్బో,
నవంబరు 11, 1996, సోమవారం.

ఇర్మా అక్కకు తమ్ముడు గ్వెర్రీనో అనేక నమస్కారాలతో రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే లేచి తిరుగుతున్నాను. నువ్వూ, నీ కూతురూ అల్లుడూ ఆ బెల్జియం చలికి తట్టుకుని కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలు దాటింది. ఆలస్యమైందని కోప్పడకు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ పొయ్యిలో వేశాను. ఇది నాలుగోది. ఇది పూర్తయ్యాక మళ్లీ చదవకుండా కవరు అతికించేస్తాను. తప్పులుంటే నువ్వే సర్దుకో.

నా మోకాలి సంగతి అడిగావు. ముప్పై నాలుగేళ్లు రోడ్ల మీద కంకర పరిచినవాడి మోకాలు ఇంతకంటే బాగుండదని డాక్టరు తేల్చేశాడు. నొప్పి సంగతి ఎలా ఉన్నా, అలసిపోయాను అక్కా. పనిచేసి అలసిపోతే పడుకుంటే తీరిపోయేది. ఇది అలాంటిది కాదు. పొద్దున్నే నాకంటే ముందే లేచి మంచం పక్కన కూర్చుంటోంది. ఈ ఏడు చెస్ట్‌నట్ కాపు తక్కువ, ఉన్నవాటిలో సగం పురుగు. ఏరగా రెండు బస్తాలు మిగిలాయి. పిండి ఆడించాక నీకు కొంత పంపుతాను. సెస్తీలియో బారు పైనున్న ఆ రెండు గదుల్లోనే ఉంటున్నాను. అతను ఇప్పటికీ నేను మెట్లు దిగగానే, "వచ్చాడయ్యా ఉప్పులేనోడు, సూపులో ఇంకో చిటికెడు వెయ్యండి" అంటాడు. నలభై ఏళ్లుగా అదే మాట. నవ్వే ఓపిక నాకు లేదు, మానే ఓపిక అతనికి లేదు.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి. అక్కడి ఆఫీసులో గుమాస్తా నీ కాగితాలు చూసి, సెన్సాసాలే అనే ఇంటిపేరు ఎక్కడా ఉండదు, మీ దేశంలో ఎవరో తప్పు రాసి ఉంటారు అన్నాడని రాశావు. ఎంత బాధపడ్డావో నీ అక్షరాల్లోనే తెలిసింది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కుని రుజువు పంపమన్నావు. నాన్న చెప్పిన కథ కూడా గుర్తుచేశావు. అప్పట్లో మన ప్రాంతాన్ని ఏలిన పోపుగారి ఉప్పు పన్ను కట్టబోమని మన ముత్తాతలు ఎదురుతిరిగి, ఏడాది పొడుగునా చప్పిడి కూడు తిన్నారనీ, అందుకే సెన్సాసాలే, అంటే 'ఉప్పులేనివాళ్లు', అని పేరొచ్చిందనీ. నాన్న రెండో గ్లాసు అయ్యాక ఆ కథ చెబుతుంటే నాకూ ఒళ్లు పులకరించేది.

అక్టోబరు మొదట్లో జిల్లా పట్నం వెళ్లాను. పాత రికార్డులన్నీ ఇప్పుడు ఆసుపత్రి పాత భవనంలో పెట్టారు. అక్కడ పనిచేసే రొసాల్బా అనే ఆవిడ చాలా ఓపిక గల మనిషి. నా పేరు చెప్పగానే కళ్లద్దాలు తీసి నా మొహంలోకి చూసింది.

"సెన్సాసాలేనా? మీరు నిజంగా ఆ పేరువాళ్లేనా?"

"పుట్టినప్పట్నించీ అదే" అన్నాను.

"ఆ పేరువాళ్లు బతికున్నారని నేననుకోలేదు. రండి, కూర్చోండి."

దేశంలోని టెలిఫోను పుస్తకాలన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయట. నాకు ఫోను లేదు కాబట్టి అందులో మన పేరు ఒక్కటీ లేదు. ఉత్తరాన ఉన్న చిన్నాన్న కొడుకులు పోయాక మిగిలింది నువ్వూ నేనే అని చెప్పాను. ఆవిడ తల ఊపి లోపలికి వెళ్లి, ఒక పెద్ద పుస్తకాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా తెచ్చింది.

అక్కా, మన ముత్తాతలు ఎవరికీ ఎదురు తిరగలేదు. 1826 ఫిబ్రవరి 3న తెల్లవారుజామున ఆ ఆసుపత్రి గోడలో ఉన్న తొట్టిలో ఒక మగబిడ్డను వదిలి వెళ్లారు. బయటినుంచి బిడ్డను పెట్టి తిప్పితే లోపలివైపు తిరిగే తొట్టి అది. పెట్టినవాళ్ల మొహం లోపలివాళ్లకు కనిపించదు. ఆ గోడను పూడ్చేసినా గుర్తు ఇంకా తెలుస్తోంది. పుస్తకంలో రాసింది ఆవిడ చదువుతుంటే నేను విన్నాను. వయసు మూడు రోజులు ఉండొచ్చు. గోధుమరంగు ఉన్నిగుడ్డ, ఒక మూల కాలింది. మెడలో దారం కట్టిన చిన్న సంచి, ఖాళీ. తల్లి, తెలియదు. తండ్రి, తెలియదు.

"ఆ సంచి ఏమిటి?" అని అడిగాను.

"బిడ్డకు జ్ఞానస్నానం కాలేదని చెప్పడానికి సంచిలో కాస్త ఉప్పు వేసి కట్టేవాళ్లు. ఈ బిడ్డకు సంచి కట్టారుగానీ ఉప్పు వేయలేదు. మర్చిపోయారో, ఇంట్లో ఉప్పే లేదో. ఆసుపత్రి గుమాస్తా అదే పేరు పెట్టేశాడు. ఆ రోజు సెయింట్ బ్యాజో పండగ. అందుకని బ్యాజో సెన్సాసాలే."

అంతే అక్కా, మన వంశం. ఒక ఖాళీ సంచి.

ఆవిడ ఆ పేజీని వెంటనే మూయలేదు. ఆ గుమాస్తాకు ఒక పట్టుదల ఉండేదట. ఒక బిడ్డకు ఇచ్చిన పేరు ఇంకో బిడ్డకు ఇచ్చేవాడు కాదు. ఆ చలికాలంలో వచ్చిన ముప్పై ఒక్కమందికీ ముప్పై ఒక్క పేర్లు అల్లాడు. తొలివెలుగు అని ఒక పాపకు. సగందుప్పటి అని ఒక బాబుకు. తడితలుపు, మంగళవారపువాన, ఆలస్యపుగంట. వాళ్లతో ఏం వస్తే, ఆ పూట ఎలా ఉంటే అదే ఇంటిపేరు. పేర్ల పక్కన సన్నగా గీసిన సిలువ గుర్తులున్నాయి. అవేమిటని నేను అడగలేదు. వేలు పెట్టి లెక్కపెట్టాను. ఇరవై ఏడు.

"అందుకే మీ పేరు ఎక్కడా దొరకదు" అంది రొసాల్బా. "ఈ పేర్లన్నీ ఒక్కొక్క బిడ్డతో మొదలయ్యాయి. చాలావరకు అదే బిడ్డతో, అదే నెలలో అయిపోయాయి. మీవాణ్ణి కొండమీద బొగ్గులు కాల్చేవాడి భార్యకు పాలకిచ్చారు. ఆవిడ తిరిగి ఇవ్వలేదు. ఉంచేసుకుంది."

ఆ తల్లి పేరు కూడా ఉంది, మార్గెరీతా. ఆమె ఇంటిపేరు రాయలేదు. ఆవిడే మనల్ని బతికించింది, ఆవిడ పేరు మాత్రం మనకు రాలేదు.

ఆ పేజీ నకలు మీద ముద్ర వేయించి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. మీ గుమాస్తాకు చూపించు. మా పేరు తప్పు కాదయ్యా, తక్కువ అంతే అని చెప్పు. సిగ్గుపడకు. నాన్న కథ పోయిందని నాకూ మొదట కాస్త దిగులేసింది, తర్వాత తగ్గింది.

ఇంతవరకు రాయడం తేలిక. పొయ్యిలో వేసిన ఉత్తరాలన్నీ ఇక్కడే ఆగిపోయాయి.

నీ ఉత్తరం చివర, "నువ్వు పెళ్లి చేసుకోకపోవడం వల్ల పేరు నీతోనే మూసుకుపోతోంది, ఇది నీ మొండితనం" అని రాశావు. నాకు యాభై నిండేవరకు ప్రతి ఉత్తరంలోనూ అదే రాసేదానివి. నేను జవాబివ్వకుండా వాన గురించీ పంట గురించీ రాసేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నాను. ఫోనులో చెప్పలేను, ఎదురుగా ఉంటే అసలే చెప్పలేను.

1960లో మా రోడ్డు ముఠా సముద్రం వైపు దారి వేస్తున్నప్పుడు మధ్యాహ్నాలు ఒక పూటకూళ్ల ఇంట్లో తినేవాళ్లం. అక్కడ దేలియా ఫాబ్రి అనే అమ్మాయి వడ్డించేది. ఏడాదిపాటు స్నేహంగా ఉన్నాం. ఒకరోజు నేను పని చేస్తున్నచోటికి నడిచి వచ్చి, కడుపుతో ఉన్నానని చెప్పింది. ఏడవలేదు, అడగలేదు, చెప్పింది అంతే. ఆదివారం వచ్చి మీవాళ్లతో మాట్లాడతానన్నాను. ఆదివారం వాన పడింది. వానవల్ల వెళ్లలేదని నాకు నేనే చెప్పుకున్నాను. తరువాతి ఆదివారం ఎండ కాసింది.

అమ్మ వద్దంది అని రాస్తే నువ్వు నమ్ముతావు. కానీ అమ్మకు తెలియనే తెలియదు. ఎవరూ అడ్డుపడలేదు. నాకు ఇరవై ఏడేళ్లు, భయమేసింది, అటువైపు పని మానేసి వేరే ముఠాలో చేరాను. ఆడపిల్ల పుట్టిందనీ, నివెస్ అని పేరు పెట్టారనీ ఒక లారీ డ్రైవరు చెబితే తెలిసింది. దేలియా తన ఇంటిపేరే బిడ్డకు రాయించింది. ఆ తర్వాత నాకు ఇంకెవరినైనా చేసుకునే మొహం లేదు. నువ్వు మొండితనం అన్నది అదే.

ఆ పుస్తకంలో 'తండ్రి, తెలియదు' అని ఆవిడ చదివినప్పుడు నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. నూట డెబ్బై ఏళ్ల కిందటి ఆ మనిషికి ఏ కష్టం వచ్చిందో నాకు తెలియదు. నాకు మాత్రం అప్పుడు రోడ్డు శాఖలో ఉద్యోగం ఉండేది, రెండు చేతులుండేవి.

మరుసటి వారం బస్సెక్కాను. దేలియా నాలుగేళ్ల కిందట పోయిందని ఆ ఊరి చర్చి దగ్గర తెలిసింది. నివెస్ ఇల్లు చూపించారు. కింది గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని బూట్ల పైతోలు కుడుతోంది. పక్కన తోలుముక్కల గుట్ట. నేను కుంటుతూ వచ్చి గుమ్మంలో నిలబడితే తల ఎత్తి చూసి, మిషను ఆపి, మళ్లీ వరుస పూర్తయ్యేదాకా కుట్టింది.

"రోడ్డు పని చేసేవాడివి కదూ" అంది. "ఎడమ చెవి కింద మచ్చ. అమ్మ చెప్పింది. ఎప్పుడో ఒకప్పుడు వస్తావేమోనని."

"ఆలస్యమైంది" అన్నాను.

"అవును మరి. కూర్చో, ఆ మోకాలితో నిలబడలేవు గానీ."

వచ్చిన పని చెప్పాను. చట్టం ఇప్పటికీ ఒప్పుకుంటుంది, నువ్వు సరేనంటే కూతురిగా రాయించుకుంటాను, నా పేరు తీసుకోవచ్చు అన్నాను. బ్యాజో సంగతి, ఖాళీ సంచి సంగతి, ఆ పేరుతో అక్కా నేనూ ఇద్దరమే మిగిలిన సంగతి అన్నీ చెప్పాను. శ్రద్ధగా వింది. చివర్లో నవ్వింది. కోపం నవ్వు కాదు, అలసిన నవ్వు. అది నా నవ్వే అక్కా, అద్దంలో చూసుకున్నట్టుంది.

"ముప్పై అయిదేళ్లు స్కూల్లో, ఫ్యాక్టరీలో తండ్రి పేరు గడిలో గీత గీసుకుంటూ వచ్చా. ఇప్పుడు ఉప్పులేనిదాన్ని అనిపించుకోమంటావా?" అంది. చేతిలోని తోలుముక్క పక్కన పెట్టి, "అమ్మకి నేను తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ పేరు కూడా నా మీంచి తీసేస్తే ఆవిడకి ఏం మిగుల్తుంది? వద్దు. నీ పేరు నువ్వే ఉంచుకో" అంది.

సరేనన్నాను. లేవబోయాను.

"ఉండు. పేరు వద్దుగానీ ఒకటి కావాలి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా మీ నాన్న వైపు ఏ జబ్బులున్నాయి అంటారు. తెలీదు, తెలీదు అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. నీకు తెలిసినవన్నీ చెప్పు."

బూటు అచ్చులు కోసే అట్టముక్క ఒకటి తీసి, పెన్సిలుతో రాసుకుంది. నాన్న గుండె, డెబ్బై ఒకటో ఏట. అమ్మ కళ్లు. తాత ఊపిరితిత్తులు, బొగ్గుల పొగవల్ల. నా మోకాళ్లు, నా రక్తపోటు. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆమె "వయసెంత" అని అడిగేది. నా జన్మలో ఎవరికైనా ఇచ్చిన ఆస్తి అదొక్కటే.

"ఆడవాళ్లలో?" అంది. "రొమ్ములో గడ్డ ఎవరికైనా వచ్చిందా?"

ఎందుకని అడిగాను. తనకు ఒకటి తగిలిందనీ, డిసెంబరు మొదట్లో పరీక్ష ఉందనీ, వాళ్లు అడుగుతున్నారనీ చెప్పింది. దారం తెంపుతూ, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది.

నాకు తెలియలేదు అక్కా. మా నాన్న తోడబుట్టిన జీతా అత్త నలభై ఏళ్లు రాకుండానే పోయిందని చెప్పాను. దేనివల్లో తెలియదన్నాను. మగపిల్లలమని మమ్మల్ని ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు. నీకు అప్పుడు పద్నాలుగేళ్లు. అత్త గుడ్డలు ఉతికి దొడ్డిగోడ మీద ఆరేసింది నువ్వే. అత్తకు ఏమైందో తెలిసినవాళ్లలో ఈ లోకంలో ఉన్నది నువ్వొక్కదానివే.

అందుకని ఈసారి నాకు జవాబు రాయకు. నన్ను తిట్టాలనుంటే తర్వాత తిట్టు, నేనెక్కడికీ పోను. ముందు ఆ పిల్లకు రాయి. అత్తకు ఏ వైపు వచ్చింది, ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లు పట్టింది, నానమ్మకు కూడా ఉండేదా, నీకు ఉందా, అన్నీ దాచకుండా రాయి. నీ చేతిరాత బాగుంటుంది, చదువుకుంటుంది. ఈ ఉత్తరం చేరిన రోజే రాస్తే పరీక్ష నాటికి అందుతుంది. చిరునామా వెనక రాశాను. నువ్వెవరో తనకు చెప్పాను. మేనత్త ఉందని తెలిసి, "బతికుందా?" అని రెండుసార్లు అడిగింది.

కవరు మీద నివెస్ ఫాబ్రి అని రాయి అక్కా. మన పేరు రాయకు.

ఇట్లు,
నీ తమ్ముడు,
గ్వెర్రీనో