మగ్గం ముందు మాట

1949 మే 2, సోమవారం. సూర్యాపేట

టీచర్ ట్రైనింగ్ సెలవులకు ఇంటికి వచ్చాను. అన్న కూతురు ఊర్మిళకు రెండున్నరేళ్లు, ఇంకా ఒక్క మాట రాలేదు. మిర్యాలగూడలో ఒక వైద్యుడు మాట రావడానికి నాలుక మీద వాత పెడతాడట. ఇరవై తారీఖున తీసుకుపోతానన్నాడు నాయన. వదిన గుడ్ల నీరు కుక్కుకుంది.

అప్పటిదాకా నాకు గడువియ్యమన్నాను. మా సైకాలజీ పుస్తకంలో ఉంది: పిల్ల మాట అనగానే రివార్డ్ ఇవ్వాలి, అదే అలవాటవుతుంది. నీ బుక్కు ఎంతమందిని కన్నది బిడ్డా, అని నాయన నవ్వాడు. కానియ్యి అన్నాడు.

మే 4

నాయన సాక్షిగా మగ్గం పక్కనే కూర్చున్నాం. బెల్లం ముక్క చూపించి బెల్లం, బెల్లం అన్నాను. నలభై సార్లు. ఊర్మిళ వదినలాగే తల వంచుకుని కూర్చుంది. చివరికి జాలేసి ఊరికే ఇచ్చేశాను. ఎక్స్‌పెరిమెంట్ పాడు చేసింది నేనే.

మే 9

బెల్లం అయిపోయింది.

మే 13. కోదాడ

వదిన తమ్ముడి పెళ్లికి ఆమె పుట్టింటికి వచ్చాం. నాయన మగ్గం వదిలి రాలేదు. గడప దాటగానే వదిన గొంతు విని అదిరిపడ్డాను. అంత గొంతుందా ఈమెకు! అమ్మా, నీళ్లు తేవే, ఎండకు సచ్చిన, అంది. వెంటనే ఊర్మిళ కూడా అమ్మమ్మా, నీళ్లు తేవే, అంది! తర్వాత పిల్లిని పిలిచింది. నన్ను చూపించి, గీ అత్త బెల్లం బెల్లం అంటది, అని అందరికీ చెప్పింది.

మా ఇంటి దగ్గర కూడా ఊర్మిళ బావి కాడ తల్లితో గుసగుసగా మాట్లాడుతుందట. ఎందుకు చెప్పలేదని వదినను అడిగాను. మామ ముందల నేనెట్ల నోరిప్పుత? మీ అన్నకు చెప్తే నమ్మలే. నువ్వు పుస్తకంల నుంచి తల ఎత్తితే గద, అంది.

మామ ముందు కోడలు మాట్లాడదు. నాయన రోజంతా ఇంట్లోనే, మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటాడు. పిల్ల తల్లిని చూసి నేర్చుకుంది. ఇంత చదివి నాకిది కనబడలేదు.

మే 18. సూర్యాపేట

నాయనకు కోదాడ సంగతి చెప్పాను. మరి నా ముందల ఎందుకు మాట్లాడది, అన్నాడు. వదిన మాట్లాడదు గనుక, అన్నాను. మగ్గం ఆగింది.

మే 19, సాయంత్రం

నాయన తెగిన పోగు అతుకుతూ, తల ఎత్తకుండా, అమ్మా, జర మంచినీళ్లు తెస్తవా, అని వదిననే అడిగాడు. ఆమె కాపురానికొచ్చిన ఆరేళ్లలో మొదటిసారి. తలుపు వెనక నుంచి, తెస్తున్న మామా, అంది వదిన.

ఊర్మిళ తల్లిని చూసింది. తాతను చూసింది. తల్లి చేతిలోని చెంబు లాక్కుంది. ఇగో తాతా, నీళ్లు! సగం నీళ్లు నాయన పంచె మీదే. మిగతావీ తాగలేదు, మళ్లొక్కపారి అను బిడ్డా, మళ్లొక్కపారి, అంటూనే ఉన్నాడు.

మే 20

మిర్యాలగూడ బస్సు పోయింది. మా ఇంటి నుంచి ఎవరూ ఎక్కలేదు.

మామా, చీర అంచు తప్పింది, ఇప్పాలె, అంటోంది వదిన. ఇలాంటి తప్పులు ఆరేళ్లుగా ఆమెకు కనబడుతూనే ఉన్నాయట. నాయన నేసింది విప్పుతున్నాడు.