తడిసిన జాబు

నెల్లూరు, 22-11-1962

అల్లూరులో ఉన్న మగ్దలీనక్కకు తమ్ముడు యేసోబు రాసేది. మేమంతా బాగానే ఉన్నాం.

ముసురు పట్టి తొమ్మిది రోజులైంది. తడి కాగితం పాతకాగితాల కొట్టులో తీసుకోరు గనక, వీధుల్లో ఏరి తెచ్చినదంతా ఇంట్లో పొయ్యి చుట్టూ పరిచి ఆరబెడుతున్నాం. నీ ఇన్లాండు జాబు కూడా ముద్దగా తడిసి అందింది. విప్పితే చిరిగిపోతుందని దాన్నీ పొయ్యి పక్కనే ఉంచి, కాలవల వెంట సీసాలు ఏరడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నా భార్య సువార్త ఎండిన కాగితాలన్నీ గోతాంలో కుక్కి కొట్టుకు చేర్చేసింది.

"మళ్లీ వాన పడేలోపల ఎత్తేసినాను. అందులో మీ అక్క జాబుందని నాకేం తెలుసు?" అంది.

కొట్టుకు పరుగెత్తాను. ఆ కాగితాలు అప్పటికే బొరుగులమ్మే మస్తానమ్మ కొనుక్కుపోయి, పొట్లాలకు చించి పెట్టుకుంది. ఆమె దగ్గరికెళ్లి ఎంత వెతికినా నీ చేతిరాత ఉన్న ముక్క ఒక్కటే దొరికింది. "అమ్మకు చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు" అని, అంతే ఉంది అందులో.

కాగితాలు పరచడానికి తాటాకు చాప ఒకటి బావ చేత పంపు. మీ నారుమడి మునిగిందా? చిన్నదానికి దగ్గు తగ్గిందా? అమ్మకు చెప్పొద్దన్న సంగతేదో ఈసారి కార్డు మీద రాయి. అట్టతో ఎవరూ పొట్లం కట్టరు.

బావకు వందనాలు, పిల్లలకు దీవెనలు.

వాకాడులో అమ్మ నా జాబు కోసం చూస్తూ ఉంటుంది. ఏం చెప్పకూడదో తెలియక ఆమెకు రాయడమే మానేశాను.

యేసోబు