నీళ్ళ మీద ఇల్లు

దీవి నుంచి,

అక్కకు, తమ్ముడు తిప్పేస్వామి నమస్కారాలతో రాస్తున్నది. మేము ముగ్గురమూ బాగున్నాం. నువ్వూ, పాలిచ్చే మన ఎనుములు రెండూ బాగున్నారని తలుస్తాను.

ఫోనులో నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. ఇక్కడ సిగ్నలూ అంతంత మాత్రమే. అందుకే నువ్వు చెప్పినట్టు కాగితం మీదే రాస్తున్నాను. హరిత దీన్ని ఫోటో తీసి విడపనకల్లులో జెరాక్సు షాపు రామాంజులుకు పంపుతుంది. ఆయన అచ్చు తీసి, సాయంత్రం ఊరికి వచ్చేటప్పుడు నీ చేతికిస్తాడు. నువ్వు కూడా రాసి ఆయనకే ఇవ్వు, ఫోటో తీసి పంపుతాడు.

నేను రానని ఎంత మొండికేశానో నీకు తెలుసు. "నాయనా, పెండ్లయిన కాడినుంచి అమ్మను యాడికన్నా పిల్చుకోని పోయినావా?" అని హరిత అడిగితే లేచి బట్టలు సర్దుకున్నాను. బ్యాంకులో కూతురు సంపాదిస్తుంటే తండ్రులకు నోరు పెగలదు.

అండమాన్‌లో విమానం దిగి, అక్కడి నుంచి పడవలో వచ్చాం. దీవి చిన్నది. మన మిరపతోట చుట్టూ తిరిగినంత సేపట్లో చుట్టేయొచ్చు. రిసార్టు వాళ్ళు మాకిచ్చిన ఇల్లు నేల మీద లేదక్కా. సముద్రంలో గుంజలు పాతి, వాటి మీద కట్టారు. నేలకు మధ్యలో అద్దం వేశారు. మంచం మీద కూచుంటే కాళ్ళ కింద చేపలు పోతుంటాయి. మీ మరదలు రత్నమ్మ ఆ అద్దం తొక్కదు. గోడ పట్టుకుని చుట్టూ నడుస్తోంది.

ఇక నీళ్ళ సంగతి ఏం చెప్పను! మోటారు లేదు, కరెంటు లేదు, ఊరికే వచ్చి గట్టుకు తగిలి వెనక్కి పోతున్నాయి. మనం వేసి పాడుపడిన బోర్లన్నీ గుర్తొచ్చాయి. దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకున్నాను. "తూ, ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక్క మడికన్నా పనికి రాకపోతివే!" అని సముద్రాన్ని తిట్టాను. పక్కన ఉన్నవాళ్ళు నేను పాట పాడుతున్నాననుకుని చప్పట్లు కొట్టారు.

రాగానే మా ముగ్గురి చేతులకూ పసుప్పచ్చ పట్టీలు వేశారు. లాగితే రావు. పోయే రోజు వాళ్ళే కత్తిరిస్తారంట.

నీ తమ్ముడు,
తిప్పేస్వామి

తా.క.: ఇక్కడ అన్నం ఎవరూ వడ్డించరు. పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడాలి. రత్నమ్మకు సిగ్గెక్కువ కదా, నాలుగుసార్లే పోయింది.

* * *

ఊరి నుంచి,

తమ్ముడికి, అక్క రామక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. రామాంజులు "చదివి పెడదునా పెద్దమ్మా?" అన్నాడు. "నీకు అక్షరాలు దిద్దించింది ఎవరప్పా?" అని అడిగి పంపించాను. చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఇల్లు నీళ్ళలో ఉందని అంత తీరిగ్గా రాస్తావేమిరా? పెన్నేటికి వరదొస్తే మనుషులు ఇంటి పైకెక్కి కేకలు పెడతారు గాని, మంచం మీద కూచుని చేపలు చూడరు. పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడాలంటున్నావు. కరువు కాలంలో గంజి కేంద్రం దగ్గర అట్లా నిలబడినామని మన అవ్వ చెప్పేది. అవ్వ కూడా అది చెప్పేటప్పుడు నవ్వేది కాదు.

అన్నిటికంటే నాకు నచ్చనిది ఆ పట్టీ. లాగినా రాని పట్టీ మనిషికెందుకు? సంతలో బేరం కుదిరిన ఎద్దుకు గుర్తు కడతారు.

ఇక్కడ కొత్త సంగతులు లేవు. పెద్ద ఎనుము నువ్వు వస్తావేమోనని వాకిలి వైపు చూస్తోంది. చిన్నది ఎవరి కోసమూ చూడదు, మేస్తోంది.

మీ అక్క,
రామక్క

తా.క.: ఆ పట్టీ మీద పేరుందా, నెంబరుందా? నెంబరైతే వెంటనే రాయి.

* * *

దీవి నుంచి,

అక్కకు, తిప్పేస్వామి ఉప్పు చేతులతో నమస్కరించి రాస్తున్నది.

పట్టీ మీద నెంబరే ఉంది. కంగారుపడకు, ఇక్కడ అందరికీ నెంబర్లే. మేనేజరు సుదర్శన్ కూడా మమ్మల్ని నెంబరుతోనే గుర్తుపడతాడు. ఆయన తెలుగాయనే. వాళ్ళ తాత ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడంట. చాలా మంచివాడు. "మీరు గేటు దాటాల్సిన అవసరమే రాదండి, మీకు కావలసినవన్నీ లోపలే ఉన్నాయి" అన్నాడు.

ఈరోజు పెద్ద పనే జరిగింది. నా మొహానికి అద్దం బిగించి, నోట్లో గొట్టం పెట్టి, సముద్రంలోకి దింపారు. "నాయనా, ముక్కుతో పీల్చద్దు, నోటితోనే పీల్చు" అని హరిత గట్టు మీద నుంచి అరుస్తోంది. నాకు ఈత రాదు గదా, ఇద్దరు మనుషులు చెరొక భుజం పట్టుకుని తల కిందికి నొక్కారు. మొదట గింజుకున్నాను. కాసేపటికి ఊరకైపోయాను. అప్పుడు కనపడిందక్కా! ధర్మవరంలో చీరల అంగడి బీరువాలన్నీ ఒక్కసారి తెరిచినట్టు, ఆ రంగులు, ఆ జరీలు! ఒక చీర నా ముక్కు దాకా వచ్చి చూసి పోయింది. నాకు పైకి రాబుద్ధి కాలేదు. వాళ్ళే లాగి ఒడ్డున పడేశారు.

రత్నమ్మ నన్ను చూసి "ఏమయ్యా, ఇట్ల నవ్వుతాండావు, తలకు నీళ్ళెక్కినాయా?" అంది. ఎక్కే ఉంటాయి.

నీ తమ్ముడు,
తిప్పేస్వామి

తా.క.: నువ్వు కట్టిచ్చిన చెనిక్కాయల పొడి డబ్బా వంటాయన కంటపడింది. లోపలికి తీసుకుపోయాడు. ఇంకా ఇవ్వలేదు.

* * *

ఊరి నుంచి,

తమ్ముడూ, నీకు దీవెనలు. నీకు ఇప్పుడు అవే కావాలి.

నెంబరిచ్చారు. గేటు దాటే అవసరం రాదన్నారు. తినే పొడి లాక్కున్నారు. నీళ్ళలో ముంచి నొక్కి పట్టారు. ఇదంతా రాసిన చేత్తోనే చీరల అంగడి కనపడిందని రాస్తున్నావు. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి లేనివన్నీ కనపడతాయని విన్నాను గాని, మన ఇంట్లోనే వింటాననుకోలేదు.

నీ ఉత్తరం తీసుకుని పోలీసు స్టేషనుకు పోయాను. అక్కడి కానిస్టేబులు ఒకటికి రెండుసార్లు చదివాడు. "పెద్దమ్మా, ఈ జాగా ఫోను నెంబరుంటే ఇయ్యి" అన్నాడు. కేసు కడతాడనుకున్నాను. పెండ్లాం పిల్లల్ని ఎండాకాలం సెలవుల్లో పిల్చుకుపోతాడంట.

నువ్వు రాసేది వాళ్ళు చదువుతారని నాకు అనుమానం. అందుకే వింటున్నావా, నిజంగా ఆపదలో ఉంటే ఏమీ రాయొద్దు. ఉత్తరం చివర ఊరికే ఎనుములు ఎట్లున్నాయని అడుగు. నాకు అర్థమవుతుంది.

మీ అక్క,
రామక్క

తా.క.: ఇది చదివి చించెయ్యి. నమలగలిగితే మింగెయ్యి.

* * *

దీవి నుంచి,

అక్కకు, తడిసి ముద్దయిన తిప్పేస్వామి నమస్కారాలు.

నీ దగ్గరి నుంచి ఉత్తరం రాలేదు. తప్పు నీది కాదు, ఇక్కడ గాలివాన. నెట్ ఒక నిమిషం వస్తే గంట ఉండదు. ఇదైనా పోతుందో లేదో.

వానక్కా, వాన! పొద్దున పట్టుకుంది, వదల్లేదు. వచ్చినవాళ్ళంతా మొహాలు వేలాడేసుకుని గదుల్లో కూచున్నారు. సుదర్శన్ గొడుగు వేసుకుని గదిగదికీ తిరిగి, మా తలుపు కూడా తట్టాడు.

"వాన పడుతున్నందుకు క్షమించాలండి" అన్నాడు.

వాన పడినందుకు క్షమించమన్న మనిషిని నేను పుట్టినాక చూడలేదు. "ఏమప్పా, ఈ మాట మా ఊర్లో అనేవు, జనం కొట్టినా కొడతారు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, ఇంకోసారి క్షమించమన్నాడు. నేను బయటికి పోయి ఇసుకలో కుర్చీ వేసుకుని తడుస్తూ కూచున్నాను. మన చేను మీద పడాల్సింది ఇక్కడ సముద్రంలో పడి వృథా అవుతుంటే వాననూ తిట్టాను. అయినా లేవబుద్ధి కాలేదు.

పడవలు ఆపేశారు. వాళ్ళు చెప్పే దాకా ఎవరూ దీవి దాటడానికి లేదు.

రత్నమ్మను ఒక గదిలోకి తీసుకుపోయి, ఒళ్ళంతా మట్టి పూసి, కళ్ళ మీద దోసకాయ ముక్కలు పెట్టి పడుకోబెట్టారు. నేను పోయి పిలిచాను, పలకలేదు. కదిలించాను, పలకలేదు. ఆమె మొహంలో అంత ప్రశాంతత పెండ్లయినప్పటి నుంచి చూడలేదు.

నీ తమ్ముడు,
తిప్పేస్వామి

తా.క.: ఎనుములు ఎట్లున్నాయి?

* * *

ఊరి నుంచి,

తమ్ముడూ,

ఎనుములు ఎట్లున్నాయని అడిగావు. అర్థమైంది.

ఇక నేను ఇక్కడ ఉండి చేసేదేమీ లేదు. నేను పోతున్నాను. ఎవరు ఆపినా ఆగేదాన్ని కాను. పొద్దున తలకు పోసుకుని, మంచి చీర కట్టుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఈ వయసులో పైకి పోవడానికి భయమెందుకు? మనసు నిమ్మళంగా ఉంది. ఎనుములను రామాంజులు చూసుకుంటానన్నాడు. ఇంటి తాళం కూడా వాడికే ఇచ్చాను. పాపం, వాడు కంట నీళ్ళు పెట్టుకున్నాడు. అక్కడికి చేరగానే

* * *

చెన్నై విమానాశ్రయం నుంచి,

అక్కా,

నమస్కారం ఎట్లా రాయాలో తెలియడం లేదు.

వాన తగ్గి నెట్ వచ్చింది. నీ కాగితం ఒక్కటే వచ్చింది. "అక్కడికి చేరగానే" అని ఆగిపోయింది. పేజీ అయిపోయిందా, చేయి ఆడలేదా? నేను ఎనుముల సంగతి అడిగితే నువ్వెందుకు పోవాలక్కా?

పడవలు కదిలిన మొదటి పూటే ఎక్కేశాం. సెలవులు ఇంకా మిగిలున్నాయని ఎవరూ అనలేదు. తల మీద తువ్వాలు కప్పుకుని దారంతా ఏడ్చాను. రత్నమ్మ "వదిన నాకు ఒక్క మాట చెప్పకుండా పాయె" అని ఏడ్చింది. హరిత రామాంజులుకు ఫోను చేస్తూనే ఉంది, పలకడం లేదు. పలకకపోతే భయం, పలికితే ఏం చెప్తాడో అని ఇంకా భయం.

అన్ని ఉత్తరాలు రాశాను. సముద్రం గురించి రాశాను, చేపల గురించి రాశాను. ఎనుములు ఎట్లున్నాయని కూడా అడిగాను. అక్కా, నువ్వెట్లున్నావని ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వెట్లున్నావు?

తిప్పేస్వామి

తా.క.: ఒకవేళ అక్క లేకుంటే, ఇది ఎవరు చదివినా సరే, మేము వచ్చే దాకా ఎనుములకు నీళ్ళు పెట్టండి.

* * *

మీ గదిలో నుంచి,

తమ్ముడికి, ఇంకా చావని అక్క దీవెనలు.

నేను బాగున్నాను. మీ మంచం మీదే కూచుని రాస్తున్నాను. కాళ్ళ కింద చేపలు పోతున్నాయి.

నేను కాగితానికి రెండు పక్కలా రాశాను. "అక్కడికి చేరగానే మీ ముగ్గురినీ విడిపించుకుని వస్తాను" అని వెనక పక్క ఉంది. రామాంజులు ఒక పక్కే ఫోటో తీశాడు. చిన్నప్పుడు కూడా పరీక్షలో ప్రశ్నపత్రం వెనక్కి తిప్పేవాడు కాదు. వాడి ఫోను ఎందుకు పలకలేదో ఇప్పుడే హరిత చెప్పింది. చిన్న ఎనుము తన్నితే కుడితి తొట్లో పడిందంట.

టిక్కెట్లన్నీ వాడే తీసిచ్చాడు. గుంతకల్లులో రైలెక్కాను, చెన్నైలో విమానమెక్కాను. పక్క సీటాయన చెప్పింది నాకు వినపడలేదు, నేను చెప్పింది ఆయనకు తెలియలేదు. ఇద్దరం దారంతా బాగా మాట్లాడుకున్నాం. దిగినాక, పడవలు కదిలే దాకా రేవులోనే కూచున్నాను.

దీవిలో దిగగానే సుదర్శన్ మెడకు పూలదండ వేయబోయాడు. చేయి పట్టుకున్నాను.

"మా తమ్మున్ని యాడ పెట్టినారప్పా?"

"మీరెవరమ్మా?"

"తిప్పేస్వామి అక్కను, రామక్కను."

ఆ పిల్లవాడి మొహం పాలిపోయింది. "అమ్మా, మీరు పోయారనే కదా, వాళ్ళు ఏడ్చుకుంటూ వెళ్ళిపోయారు!"

"నేను ఈడనే ఉండాను గదప్పా, యాడికి పోయినాను?"

సుదర్శన్ నన్ను కుర్చీలో కూచోబెట్టాడు. తర్వాత హరితకు ఫోను కలిపి, నీ ఉత్తరం తెప్పించి, అచ్చు తీసి నా చేతికిచ్చాడు. మంచివాడే. పొడి డబ్బా సంగతి కూడా తేల్చాను. వంటాయన దాన్ని చేపల మీద చల్లి అందరికీ పెడుతున్నాడు, ఎట్లా చేయాలో చెప్పమని నా వెంట పడ్డాడు.

తిప్పేస్వామీ, ఒక మాట చెప్పాలి. మా పడవ దీవి దగ్గరికి వస్తుంటే ఎదురుగా ఇంకో పడవ పోయింది, అంత దూరం నుంచి మొహాలు ఆనలేదు. అందులో ఒక మనిషి తల మీద తువ్వాలు కప్పుకుని, భుజాలు అదిరేటట్టు ఏడుస్తున్నాడు. "పాపం, ఎవరిని పోగొట్టుకున్నాడో" అని పక్కామెకు చెప్పి, ఆ పోయిన మనిషికి దండం పెట్టాను. నీ ఉత్తరం చదివినాక గదా తెలిసింది, ఆ పోయిన మనిషిని నేనేనని.

మీ బావ పోయి నేను నీ ఇంటికి వచ్చినప్పటి నుంచి, ఆ ఇంట్లో నేను ఉన్నది తాళం చెవి పట్టుకోవడానికేనని అప్పుడప్పుడు అనిపించేది. నీకెప్పుడూ చెప్పలేదు. మనిషి పోయినాక ఎవరెంత ఏడ్చారో ఆ మనిషికి తెలిసే వీలుండదు. నాకు తెలిసింది. ఇక నేను నిజంగా పోయిన రోజు నువ్వు ఏడవాల్సిన పని లేదురా. ముందే ఏడ్చేశావు, నాకు ముట్టింది.

ఎట్లున్నావని అడిగావు. చాలా బాగున్నాను.

మీ అక్క,
రామక్క

తా.క.: కట్టుకున్న చీరతోనే నడుము దాకా సముద్రంలో దిగాను. ఈ చీర ఆరగానే బయలుదేరుతాను. ఇక్కడ మళ్ళీ వాన పట్టుకుంది.