పనివాళ్ళ బొమ్మ పలకలు ఎవరికి

జపాను దేశపు యెదో నగరం, కాందా పేటలో కాగితం మీద అచ్చేసే బొమ్మలకు చెక్క పలకలు చెక్కి బతికే కుహెయ్ అనే నేను, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినా మతి చెదరలేదని, ఎవరి ప్రోద్బలమూ లేదని మా వాడలో ఒకరికొకరు పూచీగా ఉండే అయిదిళ్ళ జట్టు ఎదుట చెప్పి రాస్తున్న వీలునామా. మతి చెదిరిందని ప్రచురణకర్త హంబెయ్ అంటాడు. తన మాటకు అడ్డొచ్చిన ప్రతివాడికీ ఆయన ఆ రోగమే అంటగడతాడు.

1. సొంత చెర్రీ చెక్క మీద నేనే గీసి చెక్కిన ‘అచ్చుపని ఇల్లు’ అనే మా పనివాళ్ళ బొమ్మ పలకలు, నా ఉలులు, నా కూతురు ఒనుయ్‌వి. కొడుకు లేనివాడు మగపిల్లవాణ్ణి దత్తు తీసుకుని పని అప్పగించాలనే ఆచారం నాకూ తెలుసు. బొమ్మల్లో తలవెంట్రుకలు చెక్కడం మా పనిలో అన్నిటికన్నా కష్టం. ఈ ఇంట్లో చాలాకాలంగా వాటిని చెక్కుతున్నది ఆ పిల్లే. ఇంకేం కావాలి?

2. ఈ పలకలు హంబెయ్‌కి అమ్మకూడదు, అద్దెకూ ఇవ్వకూడదు. నిరుడు నమూనా చూసి ఆయన, “ఈ చెమట మొహాలు ఎవరు కొంటారయ్యా కుహెయ్? వీళ్ళని పీకేసి అందగత్తెల్ని పెట్టు” అన్నాడు. పీకేయడమంటే చెక్కలో ఆ భాగం తొలిచి, కొత్త ముక్క బిగించి, కొత్త మొహం చెక్కడం. బజారంతా అలాంటి బొమ్మలే. పట్టు కిమోనోల్లో వయ్యారంగా ఉలి పట్టిన ఆడవాళ్ళు, ఒక్కరి వేలికీ కాయ ఉండదు. పక్కనే పని చేసుకుంటున్న ఒనుయ్, “ఉలి పట్టే ఆడది మీ ఎదురుగానే ఉంది కదా షావుకారుగారూ, నన్ను పెట్టండి” అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు జవాబే ఈ అంశం.

3. నా భార్య ఒతొకుకి ఇల్లు, నేను దాచి ఉంచిన కొత్త గొడుగు. ఈ చెక్క కొని తెచ్చిన రోజు వానలో తను తడిసి ముద్దయింది, గొడుగు మాత్రం చెక్కకే పట్టింది.

4. అచ్చు వేసే జింసుకెకి నా సాకే సారా కూజా, దూది కోటు. అరచేయంతా కాయ కాసినా ఏ బొమ్మ మీదా అతని పేరు లేదు. గీసినవాడి పేరుంటుంది, అమ్మినవాడి ముద్ర ఉంటుంది. అందుకే ఈ బొమ్మలో మా పేర్లు పనివాళ్ళ చొక్కాల వీపుల మీద చెక్కాను. ఈ వీలునామా అమలు చేయవలసిందీ అతనే.

5. కిటికీ పక్కన కూర్చుని చెక్కుతున్న మనిషి ముఖం కావాలనే చెక్కకుండా వదిలాను. తొలచని చోటే సిరా అంటుతుంది గనక, ఇప్పుడు సిరా పూస్తే అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఒనుయ్ తన ముఖాన్ని తానే అక్కడ చెక్కుకోవాలి, ఉలి జారి చెంప మీద పడ్డ గాటుతో సహా. ఉన్నదానికన్నా అందంగా చెక్కిందని జింసుకె తేలిస్తే మొదటి అంశం చెల్లదు.

తెంపో శకం పదో సంవత్సరం, పదో నెల.
సంతకం, ముద్ర: కుహెయ్
సాక్షులు: వాడ పెత్తందారు రొకుబెయ్, అయిదిళ్ళ జట్టు తరఫున చాపలల్లే యాసుకె