ముందు బ్రేకు, చంద్రవ్వ ముగ్గు

28-9-2025, ఆదివారం
ఛీ. లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కినా ముందు బ్రేకు పట్టలేదు. బండి గల్లీ దిగుడులో ఆగకుండా పోయి పక్కింటి లింగవ్వ కోళ్లగంపను గుద్దింది. కోళ్లు బతికాయి. నా పరువు పోయింది.

మట్టిబాటల కోసమే చేసిన యాభై ఏళ్ల నాటి మోటార్ సైకిల్. దున్నిన చేలల్లో దీని మీద తిరిగినవాణ్ణి. ఇవాళ నా పెళ్లాం చంద్రవ్వ షరతు పెట్టింది. డెబ్బై రెండేండ్లొచ్చినయ్, కాలిరిగితె ఎవ్వలు మోస్తరు అన్నది. నువ్వే మోస్తవ్, గడ్డిమోపు కన్నా తక్కువుంట అన్నాను. చంద్రవ్వ నవ్వలేదు. శనివారం పొద్దున గేటు ముందు ముగ్గు వేస్తుందట. దిగుడులో వచ్చి ముందు బ్రేకుతోనే ఆపాలట. చక్రం ముగ్గు తొక్కితే బండి పాతసామాను వాడికి. వాడి ఫోన్ నంబర్ కూడా తెచ్చుకుంది.

30-9, మంగళవారం
సిద్దిపేటలో డ్రమ్ము బ్రేకు తెలిసిన మెకానిక్ ఒక్క దత్తాత్రి మిగిలాడు. వాడు కూడా, తాతా, గిది పీకేసి డిస్కు ఏపియ్యి అన్నాడు. ముందు నీ తలకాయ మార్పిచ్చుకో, గది గూడ పాతదే అన్నాను. డ్రమ్ము లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు, కొత్తవి ఇచ్చి పంపాడు.

1-10
బిగించబోతే చంద్రవ్వ ఆపింది. కొత్త సామాను, రేపు దసరాకు పూజ గాకుండ ఎట్లెక్కిస్తవ్ అన్నది. సరే. పానాలతో పాటు పళ్లెంలో పెట్టాను.

2-10, దసరా
గాంధీ జయంతి కూడా ఇవాళే. మటన్ దుకాణం బంద్. పండుగ పూట పప్పుచారు. ఛీ.

చంద్రవ్వ లైనర్ల మీద చిటికెడు పొడి పసుపు చల్లింది. గింత పిసినారితనమా అని ఏడిపించి, నేనే పసుపు నూనెలో కలిపి ఒక్కోదానికి ఐదు బొట్లు పెట్టాను. సాయంత్రం తుడిచి బిగించాను.

3-10, పొద్దున
ఆగదు. మూలుగుతుంది, జారుతుంది. పండక్కి దౌల్తాబాద్ పోయిన దత్తాత్రిని ఫోన్లో తిట్టాను. కేబుల్‌ను కూడా తిట్టాను.

మధ్యాహ్నం మూడు
డ్రమ్ము విప్పాను. లోపలంతా పచ్చగా, నువ్వుల నూనె వాసన. లైనర్లు నూనె తాగాయి. ఇక పనికిరావు. తాగించింది నేను. యాభై ఏళ్లుగా బండి విప్పుతున్న పెద్దమనిషిని. నా చేతులు చూస్తేనే నాకు రోత పుడుతోంది.

సాయంత్రం
డ్రమ్మును పెట్రోలుతో కడిగాను. పాత లైనర్లనే గరుకు కాగితంతో రుద్ది ఎక్కించాను. యాక్సిల్ నట్టు వదులు చేసి, చక్రం తిప్పి, లివర్ గట్టిగా నొక్కి పట్టాలి. అప్పుడు లైనర్లు డ్రమ్ము మధ్యకు వస్తాయి. పట్టు వదలకుండా నట్టు బిగించాలి. ఇన్నాళ్లూ ఎవర్నీ పిలవకుండా లివర్‌కు తాడు కట్టి బిగించాను. తాడు సాగుతుందని, అందుకే లైనర్లు మధ్యకు రాక బ్రేకు పట్టలేదని ఇవాళ తెలిసింది. థూ.

చంద్రవ్వను పిలిచాను. బండి పోతే నాకే మంచిగ, నేనెందుకు పట్టుకుంట అన్నది. అయినా వచ్చి రెండు చేతులతో పట్టింది. ఇంక పట్టాల్నా ముసలోడా అని మూడుసార్లు అడిగింది. పట్టు, నా చెయ్యెన్నడన్న గింత గట్టిగ పట్టినవా అన్నాను. చేతులు ఖాళీ లేక నోటితోనే కొట్టింది. కానీ వదల్లేదు.

4-10, శనివారం
ఆగింది. ముగ్గుకు జానెడు ఇవతల.

చంద్రవ్వ వచ్చి తాళంచెవి పీకి కొంగున ముడేసుకుంది. బ్రేకు పట్టింది నేను, ఇగ ఎప్పుడు పోవాల్నో నేనే చెప్త అన్నది.

పొద్దటి నుంచి రెండుసార్లు అడిగాను. ఇంకా చెప్పలేదు.